వెళ్లివస్తానన్న మాట

తెలుగువారి ఇళ్లలో గడప దాటేవారు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లివస్తాను’ అంటారు. తెలంగాణలో ‘పోయివస్తా’ అంటారు. పొరపాటున ‘పోతాను’ అని నోరు జారితే ఇంటి పెద్దలు అక్కడికక్కడే దిద్దుతారు. పోవడమనే క్రియకు ఈ భాషలో ప్రయాణమనీ మరణమనీ రెండర్థాలున్నాయి గనుక, ఆ రెండో అర్థం దగ్గరకు రాకుండా ‘వచ్చు’ అనే క్రియను పెద్దలు దానికి కాపుగా నిలబెట్టారు. పిల్లవాడు బడికి వెళ్లినా, ఇంటి యజమాని కొలువుకు వెళ్లినా, ఇంట్లో మిగిలినవారు ఆ రెండవ క్రియ మీదనే భరోసా ఉంచి పొద్దు గడుపుతారు. అయితే కొందరి విషయంలో మొదటి క్రియ మాత్రమే జరుగుతుంది. రెండవది జరగదు, ఇక జరగదని రూఢిగా చెప్పగలవారూ ఉండరు.

మరణం సంభవించిన ఇంట్లో ఏం చేయాలో ఆచారం నిర్ణయించి పెట్టింది. దహనానికొక రోజు, అస్థిసంచయనానికొక రోజు, పదకొండోనాడు, పన్నెండోనాడు, మాసికాలు, సంవత్సరీకం; ఆ క్రమంలో దుఃఖానికి ఒక దారి ఏర్పడుతుంది. ఆచూకీ దొరకనివారి ఇంట్లో తిథి లేదు, తర్పణం లేదు. పరామర్శకు వచ్చినవారికి ఏమని ఓదార్చాలో తోచదు. భార్య నుదుట కుంకుమ ఉంటే ఒకరు, లేకుంటే మరొకరు వేలెత్తి చూపుతారు. కుమారుని గురించి ‘ఉండేవాడు’ అనడానికి తల్లికి నోరు రాదు. ‘ఉన్నాడు’ అనడానికి ఆధారం దొరకదు. ‘మావాడికి చదువంటే ప్రాణం’ అని, క్రియాపదం లేని వాక్యంలో ఆమె తల దాచుకొంటుంది. ఆ వాక్యానికి భూతకాలమూ లేదు, వర్తమానమూ లేదు.

ఇటువంటి బాధను విశాఖపట్నం దగ్గరగా చూసింది. 2016 జూలై 22వ తేదీ ఉదయం చెన్నై సమీపంలోని తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళానికి చెందిన ఏ.ఎన్.-32 విమానం బంగాళాఖాతం మీద అదృశ్యమయింది. అందులో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. నౌకలు, విమానాలు, జలాంతర్గామి వారాల తరబడి గాలించినా శకలమైనా దొరకలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో వారందరూ మరణించినట్లే భావించవలసి ఉంటుందని కుటుంబాలకు తెలియజేశారు. ‘మరణించారు’ అన్న మాటకూ ‘మరణించినట్లే భావించవలసి ఉంటుంది’ అన్న మాటకూ మధ్య ఉన్న దూరం కార్యాలయంలో స్వల్పం. ఇంట్లో అది సముద్రమంత. ఏడున్నర సంవత్సరాల తరువాత, 2024 జనవరిలో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలాంతర వాహనం తీసిన ఛాయాచిత్రాలలో, 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలాలు కనిపించాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయిన దాఖలా లేనందున అవి దానివే అయి ఉండవచ్చునని అధికారులు ప్రకటించారు. పోయినవారు తిరిగి రాలేదు. ఒక ప్రశ్నకు మాత్రం జవాబు వచ్చింది. ఆ జవాబును చిన్నదనుకోవడానికి వీలులేదు.

అమెరికాలో పాలీన్ బాస్ అనే విదుషి, వియత్నాం యుద్ధంలో కనబడకుండా పోయిన వైమానికుల భార్యల స్థితిని పరిశీలించి, ఈ దుఃఖం సాధారణ శోకంకంటె వేరైనదని చెప్పింది. పోగొట్టుకొన్నామో లేదో తేలని ఈ నష్టానికి ఆమె ఒక పేరు పెట్టి, 1999లో ఒక గ్రంథమే వెలువరించింది. ఇక్కడ మనస్సు చెడినదని కుటుంబాన్ని శంకించరాదనీ, చెడినది వారు చిక్కుకొన్న పరిస్థితి అనీ ఆమె సిద్ధాంతం. ఈ దేశపు ధర్మశాస్త్రకారులు కూడా ఈ కష్టాన్ని గుర్తించకపోలేదు. దేశాంతరగతుడై వార్త తెలియనివానికై పన్నెండేళ్లు వేచి, అటుపైన దర్భలతో, మోదుగాకులతో ప్రతికృతి చేసి దహించమన్నారు. దేహం దొరకకపోయినా దుఃఖానికి ఒక తుది కావాలని వారికి తెలుసు.

నేటి చట్టం ఆ గడువును ఏడేళ్లు చేసింది. బతికి ఉంటే సహజంగా ఎవరికి కబురు తెలియవలసి ఉన్నదో వారికి ఏడేళ్లపాటు ఏ కబురూ తెలియనప్పుడు, ఆ మనిషి బతికే ఉన్నాడని వాదించేవారే దానిని రుజువు చేయాలని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా 111వ సెక్షనులో ఆ నియమాన్నే నిలిపింది. అయితే ఈ ఊహ మరణానికే గాని మరణకాలానికి వర్తించదని సుప్రీంకోర్టు 2004లో ఒక బీమా వ్యాజ్యంలో తేల్చింది. అనగా, మనిషి కనబడని నాడే మరణించాడని కుటుంబం అనుకొన్నా చట్టం అనుకోదు. ఈ మధ్యకాలంలో వాయిదాలు కట్టకపోతే పాలసీ మురిగిపోవచ్చును. సంపాదించే మనిషి లేని ఇల్లు, అతడు ఉన్నట్లే వాయిదాలు కట్టాలి! ఆస్తి అతని పేర ఉంటుంది, బ్యాంకు సొమ్ముకు అతని సంతకం కావాలి.

తలచుకొంటే ప్రభుత్వం ఈ గడువును సడలించగలదనడానికి నిదర్శనం ఉన్నది. 2013 జూన్‌లో కేదారనాథ్ వరదలలో వేలమంది గల్లంతయినప్పుడు, ఏడేళ్లు ఆగకుండానే విచారణ జరిపి మరణ ధ్రువపత్రాలిచ్చే ఏర్పాటు జరిగింది. వేలమంది ఒకేసారి గల్లంతయితే కదిలే యంత్రాంగం, ఒక్కొక్కరుగా తప్పిపోయినవారి కుటుంబాల విషయంలో ఎందుకు కదలకూడదు? మరణాన్ని తొందరపడి ప్రకటించమని ఎవరూ కోరరు. ఆ ఏడేళ్లూ ఇల్లు గడిచేందుకు, పిల్లల చదువు ఆగకుండా ఉండేందుకు, అతని ఆస్తినుండి కొంత వాడుకొనే అనుమతి సులభంగా దొరకాలి. అందుకు ‘మావాడు చనిపోయాడు’ అని సంతకం పెట్టవలసిన అగత్యం తల్లికిగాని భార్యకుగాని కలగకూడదు.

ఆశ పెట్టుకోవడమే ఈ బాధకు మూలమనీ, మరచిపొమ్మని చెప్పడమే మేలనీ అనేవారున్నారు. ఆ సలహాలో జాలి ఉన్నది గాని న్యాయం లేదు. ఎవరూ వెదకనప్పుడు ఆశ దారి తప్పుతుంది. పోలీసు ఠాణాలో జవాబు దొరకనివారే అంజనం వేసేవాని దగ్గరకు, సోది చెప్పేదాని దగ్గరకు పోతారు. ‘మీవాణ్ణి ఫలానా చోట చూశాను, దారిఖర్చులు పంపండి’ అనే మోసగానికి చిక్కుతారు. ‘ఇంతవరకు వెదికాము, ఇది తెలిసింది, ఇది తెలియలేదు’ అని ఏడాదికొకసారైనా ఇంటికి కబురు పంపేవాడుంటే ఆ కుటుంబం సగం బాధ నుండి బయటపడుతుంది. దస్త్రం మూసినంత మాత్రాన ప్రశ్న మూసుకుపోదు.

ఈ విషయంలో ఉపాధ్యాయుల బాధ్యత తక్కువది కాదు. పిల్లవాడు రాలేదని ఇంటివారికంటె ముందు తెలుసుకొనే మనిషి, చాలాసార్లు, హాజరుపట్టీ చేతబట్టిన పంతులుగారే. ‘గైర్హాజరు’ అని గుర్తు పెట్టి పాఠంలోకి వెళ్లకుండా, ఎందుకు రాలేదని ఆ పూటే విచారించడం ఒక్కొక్కప్పుడు ఒక జీవితాన్ని నిలబెడుతుంది. తప్పిపోయిన ప్రతి బాలుని విషయంలోనూ ఫిర్యాదును తప్పక నమోదు చేయాలనీ, అపహరణగానో అక్రమ రవాణాగానో ముందుగా భావించి దర్యాప్తు చేయాలనీ సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. ఇరవైనాలుగు గంటలు గడిస్తేగాని ఫిర్యాదు తీసుకోరనే నమ్మకం జనంలో పాతుకుపోయింది. అటువంటి నియమం ఏ చట్టంలోనూ లేదు. తొలి గంటలే విలువైనవి. బాలల కోసం 1098, పోలీసుల కోసం 112 అనే అంకెలు ప్రతి విద్యార్థికీ ఎక్కాలవలె నోటికి రావాలి.

తప్పిపోయినవారి తమ్ముడో చెల్లెలో అదే బడిలో చదువుతూ ఉండవచ్చును. ‘మీ అన్న దొరికాడా?’ అని రోజూ అడిగే తోటివారి కుతూహలం ఆ పసివానికి ములుకువంటిది. ఆ పేరే ఎత్తకుండా తప్పుకొనేవారి మౌనమూ అంతే. ఆ పిల్లవాడు లెక్క తప్పితే కొంత ఓపిక పట్టడం, అన్న మాట తానుగా ఎత్తిననాడు చెవియొగ్గి వినడం, ఏ ఉత్తర్వూ అక్కరలేకుండా ఏ బడిలోనైనా చేయదగిన పనులు.

వెళ్లివస్తానని చెప్పినవాడు ఒక మాట ఇచ్చి వెళ్లాడు. ఆ మాట చెల్లించుకోలేని స్థితిలో అతడు పడినప్పుడు, దానికి జవాబుదారీ ఠాణాకు, బడికి, ఇరుగుపొరుగుకు సంక్రమిస్తుంది. అతణ్ణి తీసుకురాగలిగితే తీసుకురావాలి. అది చేతకాని నాడు అతని కబురైనా తేవాలి. అంతవరకు, రాత్రి గడియ వేయడానికి ముందు వీధివైపు ఒకసారి తొంగిచూసే తల్లిని ఎవరూ వెర్రిదనకుండా ఉండాలి.