తాతలనాటి తివాసీ

ఇటీవల ఏలూరులో మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, తాతల కాలపు ఉన్ని తివాసీని నీళ్లతో కడిగి మండుటెండలో ఆరవేసి ఉండటం చూశాము. పండుగకు ముందు ఇంటిని శుభ్రపరచుకోవాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఎరుపు రంగు కారి తెల్లని పువ్వుల మీదికి పాకింది. దానిని తిరిగి మునుపటిలా చేయడం ఎవరి తరమూ కాదు.

ఏలూరు తివాసీల పనితనం పారశీక నేతగాళ్ల నుంచి వచ్చిందని చెబుతారు. పడుగు దారాలకు ఉన్నిని చేతితో ముడివేసే ఈ పనిని తరతరాలుగా నిలబెట్టినవారు అక్కడి ముస్లిం కుటుంబాలవారు. నేడు మగ్గాలు బాగా తగ్గిపోయాయి. ఇళ్లలో మిగిలిన పాత తివాసీలే ఆ చేతిపనికి సాక్ష్యాలు.

సైబీరియాలోని పజిరిక్ వద్ద 1949లో ఒక సమాధిని తవ్వినప్పుడు సుమారు 2,400 ఏళ్లనాటి తివాసీ బయటపడింది. సమాధిలోకి చేరిన నీరు గడ్డకట్టడం వల్లనే అది నిలిచింది. మన కొల్లేటి సీమలో అటువంటి మంచు లేదు. ఉన్నదల్లా తేమ, దాని వెంట వచ్చే బూజు, ఉన్నిని తినే చిమ్మటలు. ఇక్కడ పాత తివాసీ నిలవాలంటే మనిషి శ్రద్ధే ఆధారం.

పరిశోధకులకు చిన్న దారపు పోగు చాలు. అందులోని రంగును ద్రావకంలోకి దింపి, క్రొమాటోగ్రఫీ పద్ధతిలో విడదీసి గుర్తిస్తారు. నీలిమందు, మంజిష్ఠ వంటి మొక్కల రంగులు ప్రాచీనమైనవి. అనిలిన్ రంగును పెర్కిన్ కనుగొన్నది 1856లో. కనుక ఆ రంగు కనబడితే ఆ దారం అంతకు పూర్వపుది కాదని తేలుతుంది. రంగు కారిపోతే ఈ సాక్ష్యమూ చెదిరిపోతుంది.

కాబట్టి పాత తివాసీని ఇంట్లో కడగరాదు, కర్రతో దులపరాదు. మెత్తని కుంచెతో దుమ్ము తీయాలి. మడత పెడితే మడత వద్ద దారాలు తెగుతాయి. ఉన్ని వైపు పైకి ఉండేలా గొట్టానికి చుట్టి, శుభ్రమైన నూలు దుప్పటి కప్పాలి. ప్లాస్టిక్ కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది. కొన్ని నెలలకొకసారి విప్పి, నీడలో గాలికి ఉంచి, పురుగు పట్టిందేమో చూడాలి.

మరొక్క మాట. దానిని ఎవరు నేశారో, ఏ సంవత్సరంలో ఇంటికి వచ్చిందో పెద్దలు ఉండగానే అడిగి రాసి ఉంచండి. దారం వయసును ప్రయోగశాల కొంతవరకు చెప్పగలదు. నేసినవారి పేరు చెప్పలేదు. ఆ పేరు మన వద్ద ఉన్న అమానతు.