సైన్యం బండిని అమ్ముతుంది, వర్క్‌షాపును అమ్మదు

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు లారీ కొంటున్నాడు. జర్మన్ సైన్యం వేలానికి పెట్టిన పాత లారీ కొని, వెనక చిన్న ఇల్లు కట్టించుకుని, భార్యతో కలిసి టర్కీ, ఇరాన్ మీదుగా లోకం చూడాలని వాడి కోరిక. ఫొటో పంపాడు. మాన్ కంపెనీ క్యాట్-1, 1976 నుంచి ఆ సైన్యంలో తిరిగిన రకం. గాలితో చల్లబడే డాయిట్జ్ వి-8 ఇంజిను, పక్కన నిలబడితే ఛాతీ దాకా వచ్చే టైర్లు. "దీనికి పోలేని చోటంటూ లేదు మావయ్యా" అన్నాడు. లేకపోవచ్చు. ఆగిపోతే బాగుచేయించుకోలేని చోట్లు మాత్రం చాలా ఉన్నాయి.

బయటి దేశాల్లో ఉన్న మన పిల్లల్లో ఈ ఆశ వాడొక్కడిదే కాదు. ఆశ మంచిదే. ఉద్యోగం, ఇంటి అప్పు, మళ్లీ ఉద్యోగం అనే గానుగ నుంచి ఒక ఏడాది బయటపడి దేశాలు తిరగాలనుకునే కుర్రాణ్ని చూస్తే నాకు సంతోషం. వాళ్లు బండిని ఎంచుకునే తీరు గురించే నా దిగులంతా.

నేను సికింద్రాబాద్ తిరుమలగిరిలో, మన సైన్యం బండ్లు బాగుచేసే ఇ.ఎం.ఇ. విభాగం సెంటర్లో పని నేర్చుకున్నవాణ్ని. శక్తిమాన్ లారీల కింద, నిస్సాన్ వన్‌టన్నుల కింద పడుకుని సర్వీసు గడిపాను. రిటైరయ్యాక మద్రాసు కోడంబాక్కం వచ్చి, సినిమా అవుట్‌డోర్ యూనిట్లలో జనరేటర్ వ్యాన్లు, కారవాన్లు చూసుకున్నాను. సైన్యం బండి సైన్యంలో ఎలా బతుకుతుందో, బయటికొచ్చాక ఎలా బతుకుతుందో రెండూ నాకు తెలుసు.

సైన్యంలో లారీ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ప్రతి పెద్ద యూనిట్ వెంటా లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంట్ అని మెకానిక్కుల చిన్న జట్టు ఉంటుంది. వాళ్లకు మించిన పనైతే ఫీల్డ్ వర్క్‌షాపు, అదీ దాటితే బేస్ వర్క్‌షాపు. కాన్వాయ్ కదిలితే తోకలో రికవరీ బండి వస్తుంది. గ్యాస్కెట్ కావాలంటే డ్రైవరు బజారుకు పోడు, ఇండెంటు పెడతారు, డిపో నుంచి వస్తుంది. ఆ లారీ బలమంతా ఇనుములో ఉందని బయటివాళ్లు అనుకుంటారు. అందులో సగం వెనక ఉన్న మనుషులది. వేలంలో హామర్ పడిన క్షణాన ఆ సగం సైన్యం దగ్గరే ఉండిపోతుంది. కొన్నవాడి చేతికి వచ్చేది ఇనుము మాత్రమే.

తలకోన అడవిలో ఒక షూటింగుకు మా యూనిట్ ఓనరు వేలంలో కొన్న ఫోర్-వీల్ డ్రైవ్ లారీ మీద జనరేటర్ ఎక్కించి పంపాడు. వానలో, బురదలో, మామూలు లారీలు దిగబడ్డ చోట అది నడిచిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ తరవాత ముందు చక్రం హబ్బులో ఆయిల్ సీలు పోయింది. తిరుపతిలో దొరకలేదు. మద్రాసుకు మనిషిని పంపితే జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో ఆ కొలత లేదన్నారు. చివరికి పుదుపేటలో పాత సామాన్ల కుప్పలోంచి ఒకటి తవ్వి తీశారు. అప్పటిదాకా యూనిట్టంతా కూర్చుంది. అదే వారం మా మామూలు లారీకి వాటర్ పంపు పోతే కొత్తది రాజంపేటలో మధ్యాహ్నానికల్లా దొరికింది. మద్రాసు నుంచి కొన్ని గంటల దూరంలోనే ఇంత తేడా ఉంటే, టర్కీలో ఎర్జురుం దాటాక, పాకిస్తాన్‌లో క్వెట్టా దారిలో ఎలా ఉంటుంది?

అందుకే వాడికి చెప్పాను: సైన్యం బండే కావాలంటే తీసుకో, కానీ పౌరుల్లో అన్నదమ్ములున్న బండి తీసుకో. సైన్యం కోసమే పుట్టి సైన్యంలోనే పెరిగిన బండి జోలికి పోకు.

అన్నదమ్ములంటే ఏమిటో బెంజ్ ఓ.ఎం. 352 ఇంజినును చూస్తే తెలుస్తుంది. ఆరు సిలిండర్లు, 5.7 లీటర్ల డీజిలు, కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. జర్మన్ సైన్యం వాడిన యునిమాగ్ 1300-ఎల్‌లో ఉన్నది ఇదే. గుండ్రని ముక్కు బెంజ్ 911 లారీల్లోనూ ఇదే. బ్రెజిల్‌లో 1113, అర్జెంటీనాలో 1114 లారీలు దీంతోనే తిరిగాయి. ఇరాన్‌లో ఖావర్ పేరుతో బెంజ్ లారీలు తయారయ్యాయి కాబట్టి అక్కడి మెకానిక్కుల చేతికి బెంజ్ పని అలవాటు. మన దేశంలో టాటా వాళ్లు 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. తరవాత మన రోడ్లన్నీ ఏలిన టాటా 697 ఇంజిను ఈ కుటుంబంలోదే, బోరు, స్ట్రోకు కొలతలు కూడా అవే. అంటే మ్యూనిక్‌లో బయల్దేరినవాడికి గూడూరు దాకా దారిపొడవునా తెలిసినవాళ్లున్నట్టే. ఇంతకంటే పెద్ద బలం ఏ లారీకి కావాలి?

క్యాట్-1కి ఇది లేదు. పైగా లీటరుకు మూడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. పాత యునిమాగ్ 404 చూడముచ్చటగా ఉంటుంది, 1955 నుంచి 1980 దాకా అరవై వేలకు పైగా తయారయ్యాయి, కానీ సైన్యం తీసుకున్నవి 2.2 లీటర్ల పెట్రోలు ఇంజినువి. తాగుడెక్కువ, పరుగు తక్కువ. యునిమాగ్‌లన్నిటికీ చక్రం చక్రానికీ ఒక చిన్న గేరుపెట్టె ఉంటుంది. ఇరుసు ఎత్తుగా ఉండి రాళ్లు తగలకపోవడానికి కారణం అదే. సీళ్లు, బేరింగులు ఎక్కువ కావడానికీ అదే కారణం. ఎడారిలో, అడవిలో తిరిగేవాడు ఆ బరువు మోయొచ్చు. తొంభై పాళ్లు తారురోడ్డు మీద పోయేవాడికి ఎందుకు?

టైర్ల సంగతీ అంతే. క్యాట్ 14.00-20 సైజు మీద నడుస్తుంది. 911 వేసుకునే 9.00-20 మన ఏ హైవే పక్కన టైర్ల కొట్టులోనైనా వేలాడుతూ కనబడుతుంది.

ఇక కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది కిలోమీటర్ల దగ్గర. నలభై ఏళ్ల బండి, మీటరులో ముప్పై వేలే ఉన్నాయి, కొత్తదానికింద లెక్క అనుకుంటారు. నడవని బండి ఊరికే ఉండదు, లోపల ఎండిపోతుంది. బ్రేకు హోసులు చిట్లుతాయి, డీజిలు ట్యాంకు లోపల తుప్పు రేగుతుంది, సీళ్లు గట్టిపడి మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే కారడం మొదలవుతుంది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. అది చూడకుండా టైరు గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోతే ప్రాణం మీదికొస్తుంది. నన్నడిగితే సైన్యం బండికంటే పాత అగ్నిమాపక బండి మేలు. షెడ్డులో నీడపట్టున ఉంటుంది, ఏ నిమిషంలో పిలుపొచ్చినా స్టార్టవ్వాలి కాబట్టి సర్వీసు మానరు.

వెనక ఇల్లు కట్టించడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వడపళని వైపు షెడ్లలో ఈ పొరపాటు కళ్లారా చూశాను. కారవాన్ డబ్బా తీసుకొచ్చి లారీ ఛాసిస్‌కు నాలుగు మూలలా బోల్టులేసి బిగిస్తారు. స్టూడియోకీ హోటలుకీ మధ్య తిరిగినన్నాళ్లు ఏమీ కాదు. ఘాటు దిగి మట్టిదారి పట్టిందా, తిరిగొచ్చేసరికి అలమర తలుపులు పడవు, కిటికీ మూలల్లో పగుళ్లు, పైకప్పులోంచి వాన. ఆ లారీల ఛాసిస్ మెలితిరగడానికే చేశారు. ఒక చక్రం గుంటలో, ఒకటి గట్టు మీద ఉన్నా నాలుగూ నేలను పట్టుకోవాలంటే ఛాసిస్ వంగాలి. డబ్బా వంగకూడదు. రెంటినీ బిగించేస్తే బలహీనమైనది విరుగుతుంది. ఛాసిస్‌కూ డబ్బాకూ మధ్య విడి ఫ్రేము పెట్టి, మూడు చోట్లో, నాలుగు చోట్లో కదిలే కీళ్ల మీద కూర్చోబెట్టాలి. ఈ పనిలో డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. ఫ్రిజ్ చిన్నది పెట్టుకోండి, సోలార్ పలకలు తగ్గించుకోండి, దీన్ని మాత్రం తగ్గించకండి.

బరువు, కొలతలు కొనకముందే చూసుకోవాలి. జర్మనీలో మామూలు కారు లైసెన్సు 3.5 టన్నుల దాకానే, 7.5 దాకా సి-1, ఆపైన సి. భూమార్గంలో ఇంటిదాకా వస్తానని వాడి కల, కానీ పాకిస్తాన్ నుంచి వచ్చే అట్టారీ సరిహద్దు 2025 ఏప్రిల్‌లో మూసేశారు. అలాంటప్పుడు ఓడే దిక్కు. ఎత్తు ఎక్కువుండే హై-క్యూబ్ కంటైనర్ తలుపు కూడా రెండున్నర మీటర్లకు కాస్త పైన. అందులో పట్టని బండిని నడిపి ఎక్కించే రో-రో ఓడలో పంపాలి, దాని ఖర్చు వేరు. మన దేశంలోకి తేవాలంటే, సుంకం కట్టకుండా బండిని కొన్నాళ్లకు తెచ్చుకోనిచ్చే కార్నే పుస్తకం ఉండాలి, గడువులో బయటికి తీసుకుపోవాలి. ఇక్కడే ఉంచేసుకుందామంటే కుదరదు, మూడేళ్లు దాటిన పాత బండి దిగుమతికి మన నిబంధనలు ఒప్పుకోవు.

ఇక్కడి కుర్రాళ్లూ అడుగుతున్నారు, ఎన్నూరు లేలాండ్ వాళ్ల సైన్యం లారీ స్టాలియన్ వేలంలో దొరికితే ఎలా ఉంటుందని. బండి మంచిదే, పౌర లారీల్లో చుట్టాలూ ఉన్నారు. అయితే మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు తప్ప ఎవరికీ వద్దంటుంది. ముందు రంగు మార్చండి. విదేశాల్లోనూ మార్చాలి, సైన్యం రంగు బండిని చూస్తే సరిహద్దు పోలీసులు పర్యాటకుడని అనుకోరు. రిజిస్ట్రేషన్ కాగితాలు స్పష్టంగా లేని బండికి పైసా కట్టకండి. అసలు మీరు పోయే దారి తారుదారే అయితే లారీ అక్కర్లేదేమో కూడా చూసుకోండి. 2017లో కోయంబత్తూరు నుంచి ఆడవాళ్లు టాటా హెక్సా కారులో లండన్ చేరారు.

ఒక కోరిక. ఇ.ఎం.ఇ.లో చేసి రిటైరైన మెకానిక్కులు ఆంధ్రా, తెలంగాణ ఊళ్లలో వేలమంది ఉన్నారు. చాలామంది సెక్యూరిటీ గార్డులుగా గేట్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్న పని వాళ్లతోనే పోతోంది. బండి కొనాలనుకునే పిల్లలు ముందు వాళ్ల దగ్గర నెలరోజులు గడపండి, గౌరవంగా జీతమిచ్చి నేర్చుకోండి. మా మేనల్లుడికీ అదే షరతు పెట్టాను. సంక్రాంతి సెలవుకి వస్తే ట్రస్ట్‌పురంలో మా షెడ్డులో పాత టాటా ఒకటి సిద్ధంగా ఉంటుంది. డీజిలు లైనులో గాలి తీయడం, హబ్బు విప్పి గ్రీజు పెట్టడం, స్ప్రింగు పట్టీ మార్చడం, ఈ మూడూ నా సాయం లేకుండా చెయ్యాలి. ఆ తరవాత వేలంలో ఎంత పాడాలో ఇద్దరం కూర్చుని లెక్క వేస్తాం.