గొంతు జబ్బు జబ్బు కాదా?





నేను గుమాస్తాగా ఉన్న రోజులలో ఒక పంతులమ్మగారి సెలవు అర్జీ నా బల్ల మీదికి వచ్చినది. కారణము, గొంతు బొంగురుపోవుట. "ఇది జబ్బు క్రింద రాదు" అని నోటు వ్రాసితిని. ఇప్పుడు ఇక్కడ బెంగుళూరులో అరవైమంది పిల్లలకు పాఠము చెప్పు నా కుమార్తె, సాయంత్రమగుసరికి ఇంట సైగలతో మాట్లాడుచున్నది. నాటి నోటు నేడు నన్ను గ్రుచ్చుచున్నది.

మాట్లాడునపుడు స్త్రీల గొంతులోని నాదతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానినొకటి తాకును. నికరముగా గంటసేపు పలికినచో 7,20,000 తాకిడులు! అరచిన కొలది దెబ్బ హెచ్చును. పార పట్టిన చేతికి కాయలు కాచినట్లే తంత్రులకును కాచును.

ఆ తాకిడి క్షణములను, గొంతుకు ఏ పరికరమును తగిలింపక, మాట ధ్వనినుండియే పట్టు పద్ధతినొకదానిని మన తెలుగువారు ఆచార్య బయ్య యజ్ఞనారాయణగారు శిష్యునితో కలిసి 2008లో ప్రకటించిరి. వారు 1961లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున బి.ఎస్సీ. ముగించి, మా ఊరివారు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచు సంస్థలో చదివి, బోధించి, 1974లో డాక్టరేటు పొందిరి. పిమ్మట 1980 నుండి 2006 వరకు మద్రాసు ఐ.ఐ.టి.లోను, ఆపై హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోను పనిచేసిరి. ఒక విద్వాంసుని జీవితమంతయు పట్టినంత సూక్ష్మమైన యంత్రమును మనము ఉప్పునీటి పుక్కిలింతతో సరిపెట్టుచున్నాము.

చికిత్సకును చోటు లేకపోలేదు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుండి ఉన్నది. బెంగుళూరు నిమ్హాన్సులోను వాక్చికిత్సా విభాగమున్నది. కాని బడినుండి అచ్చటికి పోవుటకు పంతులమ్మకు సెలవు కావలెను గదా!

పూర్వపు పంతుళ్లు మైకులతో చెప్పిరా అని కొందరందురు. నాడు బడి గోడ ప్రక్క ఇన్ని మోటారు హారన్లు లేవు.

కావున ఉపాధ్యాయ శిక్షణలో గొంతు వాడుకను నేర్పవలెను. పెద్ద తరగతులకు చిన్న మైకు ఇయ్యవలెను. మూడు వారములు దాటినను తగ్గని బొంగురును గొంతు డాక్టరుకు చూపింపవలెను. అందుకైన సెలవును జబ్బు సెలవుగానే మంజూరు చేయవలెను.

ఆ పంతులమ్మగారు ఈ లేఖను చదివినచో, నా నోటును నేను ఉపసంహరించుకొంటినని గ్రహింప ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బెంగుళూరు.