బెల్టు షెడ్డులో, మనిషి చెట్టు మీద

పైన పెట్టిన వీడియో చూసే ముందు ఒక విషయం చెప్పాలి. మన ఛానెల్లో ఇంతకుముందు ఒక వీడియో ఉండేది. మా తోటలో దింపు తీసే బాబాయి కాళ్లకి బంధం ఒక్కటే వేసుకుని, నడుముకి కత్తి పెట్టుకుని, అరవై అడుగుల దేశవాళీ కొబ్బరి చెట్టు చకచకా ఎక్కేసే వీడియో. మన వాటిల్లో అందరికంటే ఎక్కువమంది చూసింది అదే. దాన్ని నేనే తీసేశాను. ఎందుకు తీశావని ఇప్పటికీ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో నాతో డిప్లొమా చదివిన ఒక స్నేహితుడు ఆ వీడియో చూసి ఫోన్ చేశాడు. వాడు వ్యవసాయం వదిలేసి సెల్ టవర్ల పనుల్లో సేఫ్టీ చూస్తున్నాడు. "మా దగ్గర ఇలా ఎక్కితే ఆ రోజే పనిలోంచి తీసేస్తారు, నువ్వేమో గొప్పగా వీడియో పెట్టావు" అన్నాడు. నాకు రోషం వచ్చింది. మర్నాడే టౌన్‌కి వెళ్లి బిల్డింగ్ పనివాళ్లు వేసుకునే ఫుల్ బాడీ హార్నెస్ ఒకటి కొనుక్కొచ్చాను. బాబాయికి తొడిగి ఫోటో కూడా తీశాను. ఆ తర్వాత అది షెడ్డులో, జీవామృతం డ్రమ్ముల మీద మేకుకి వేలాడింది.

బాబాయి రెండు మాటలన్నాడు. ఒకటి, "ఈ కొక్కెం ఎక్కడ తగిలించనురా? చెట్టుకేమైనా ఇనుప కడ్డీ ఉందా?" రెండోది, "బెల్టు తెచ్చావు సరే, రేటు తెచ్చావా?" మొదటిదానికి నవ్వాను. రెండోది విననట్టు ఊరుకున్నాను. అప్పుడు చెట్టుకి 25 రూపాయలు. బంధంతో అయితే మధ్యాహ్నానికి 40 చెట్లు ఎక్కేవాడు. బెల్టు తగిలించుకుంటూ, తాడు సర్దుకుంటూ ఎక్కితే 30 దాటవు. అంటే నేను ప్రాణం కాపాడతానని తెచ్చిన వస్తువు రోజుకి ఆయన జేబులోంచి 250 రూపాయలు తీసేస్తోంది. ఎవరు వేసుకుంటారు చెప్పండి?

ఆషాఢంలో తడి మాను మీద దిగుతూ కాలు జారాడు. పదిహేను అడుగులు ఉంటుందేమో. కింద ఆచ్ఛాదన కోసం పోసిన కొబ్బరి మట్టల మీద పడ్డాడు కాబట్టి మనిషి దక్కాడు. నడుము పూస విరిగింది. మూడు నెలలు మంచం. బెల్టు మాత్రం షెడ్డులో భద్రంగా ఉంది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చెట్టు లెక్కన కూలి ఇచ్చినంత కాలం ఎంత మంచి బెల్టు కొన్నా అది మేకుకే ఉంటుంది. పనివాళ్లకి భయం లేదని, చెప్పినా వినరని మనం అంటుంటాం. తొందరపెట్టేది మన రేటే. మా తోటలో ఇప్పుడు దింపుకి రోజు కూలి, 1,200. రోజుకి 30 చెట్లు అయితే చాలు. వాన పడితే ఎక్కించం.

లెక్క కూడా వేసి చూపిస్తాను, ఎందుకంటే "నీకు నూనె వ్యాపారం ఉంది, మాకు ఎక్కడిది" అని కొందరంటారు. నాలుగు ఎకరాలు, 240 చెట్లు, ఏడాదికి ఏడు దింపులు, మొత్తం 1,680 సార్లు ఎక్కాలి. చెట్టుకి 25 నుంచి 40 అయింది, అంటే ఏడాదికి 25,200 అదనం. కొత్తగా కొన్న కిట్ 9 వేలు, మూడేళ్లకి వేసుకుంటే ఏడాదికి 3 వేలు. చెట్టుకి 80 కాయల చొప్పున చూస్తే కాయకి రూపాయిన్నర పడుతుంది. లీటరు గానుగ నూనెకి మాకు 12 కాయలు పడతాయి. లీటరుకి 20 రూపాయలు పెంచి, ఎందుకు పెంచామో కొనేవాళ్లకి చెప్పాం. ఇద్దరు ముగ్గురు మానేశారు. మిగతావాళ్లు ఉన్నారు. టోకున కాయ అమ్మే రైతుకి ఇది కష్టమే, కాదనను. కానీ డ్రిప్పుకి, గానుగకి ఖర్చు రాసే పుస్తకంలో దీనికీ ఒక వరుస ఉండాలి కదా.

ఇక వస్తువు గురించి. నడుముకి మాత్రమే కట్టే బెల్టు కొనకండి. పడినప్పుడు ఆ కుదుపంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది, మనిషి తలకిందులై జారిపోవచ్చు కూడా. అమెరికాలో పడిపోకుండా ఆపడానికి నడుము బెల్టు వాడటాన్ని 1998 నుంచే నిషేధించారు. ఫుల్ బాడీ హార్నెస్‌లో అదే కుదుపు తొడలు, తుంటి, ఛాతీ, భుజాలకి పంచుకుపోతుంది. మనదేశంలో దీనికి ఐఎస్ 3521 ప్రమాణం ఉంది, లేబుల్ మీద చూసి కొనండి.

కానీ బాబాయి అడిగిన మొదటి ప్రశ్న అలాగే ఉంది కదా, కొక్కెం ఎక్కడ తగిలించాలి? బిల్డింగులో పైన ఒక దూలమో పైపో ఉంటుంది. కొబ్బరికి, తాటికి మానే ఆధారం. అందుకని తుంటికి రెండు పక్కలా రింగులున్న హార్నెస్ తీసుకోవాలి, మాను చుట్టూ వేసే తాడు వేరుగా కొనాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఊరికే చుట్టిన తాడు కాలు జారితే మనిషితో పాటే కిందికి జారుతుంది. బరువు పడగానే మానుని బిగించి పట్టుకునే రకం కావాలి. లోపల స్టీలు తీగ ఉన్నదైతే కత్తి తగిలినా వెంటనే తెగదు. మొవ్వు దగ్గరికి చేరాక రెండో తాడు తగిలించిన తర్వాతే మొదటిది విప్పాలి. వీడియోలో ఆ భాగం రెండుసార్లు చూడండి.

తెలంగాణలో గీత కార్మికులకి 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మోకు, ముస్తాదు మీదే తరాలుగా బతికినవాళ్లకి అది మంచి పని. మన దింపు కార్మికుల విషయంలో ప్రభుత్వం ఇచ్చేదాకా చూద్దాం అనకండి. మన తోటలో మన కాయ కోసం ఎక్కుతున్నాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ల కేర సురక్ష బీమా ఒకటుంది, చెట్టెక్కేవాళ్ల కోసమే. దాని గురించి అడిగి కట్టించండి.

ఒక్కణ్ణి మాత్రం ఎప్పుడూ ఎక్కించకండి. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలోకి రక్తం చేరి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కింద ఇంకొకరు, దించడానికి పొడవాటి తాడు, దించడం తెలిసిన మనిషి ఉండాలి. ఒకసారి పడిన కుదుపు తిన్న హార్నెస్ మళ్లీ వాడొద్దు, బయటికి బాగానే కనిపించినా సరే. ఎండలో, ఎలకలు తిరిగేచోట, కషాయాల డ్రమ్ముల పక్కన పెట్టొద్దు. నేను సరిగ్గా అక్కడే పెట్టాను.

ఐదంచెల పద్ధతిలో కొబ్బరి మాను మీదికి మిరియం పాకించిన మిత్రులకి ఇంకో ఇబ్బంది. తీగ ఉంటే తాడు జరగదు. నేను మిరియాన్ని కొబ్బరి మీద నుంచి తీసి గ్లిరిసీడియా మీదికి మార్చాను. ఒక ఏడాది పంట పోయింది.

బాబాయి ఇప్పుడు ఎక్కడు. కింద నిలబడి తాడు చూస్తాడు, అదే రోజు కూలికి. బకిల్ సరిగ్గా పెట్టుకోకపోతే కుర్రాళ్లని తిట్టే తిట్లు మామూలుగా ఉండవు. వీడియోలో అవి కట్ చేశాం.