‘పోను’ అన్న కుమారుడు

ఆదివారం ఉదయం. ఆరాధనకు వేళ మించిపోతోంది. తండ్రి బైబిలు చేతపట్టుకొని గుమ్మంలో నిలుచున్నాడు. తల్లి ఇస్త్రీ చేసిన చొక్కాతో ఎనిమిదేళ్ల కొడుకును నాలుగోసారి పిలుస్తోంది. ‘నేను రాను, ఆ చొక్కా వేసుకోను’ అంటూ వాడు మంచం కిందికి దూరాడు. బతిమాలడం అయింది, బెదిరించడం అయింది, చివరకు తండ్రి చేయి లేచింది. అరగంట తర్వాత ఆ కుటుంబం మందిరంలో చివరి వరుసలో కూర్చుంది. పిల్లవాడి చెంప కందిపోయి ఉంది. తల్లి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తండ్రి పెదవులు కీర్తన పాడుతున్నా మనసు పాడడం లేదు. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, ‘బెత్తం వాడమని వాక్యమే చెబుతోంది గదా బాబూ, మీరే మెతకగా ఉంటున్నారు’ అని హితవు చెప్పి వెళ్లాడు. మరుసటి ఆదివారం ఆ కుటుంబం మందిరానికి రాలేదు.

ప్రియ పాఠకులారా, ఇటువంటి కుటుంబం మీ సంఘంలోనూ ఉండవచ్చు. అది మీ కుటుంబమే కావచ్చు. ఎదురు చెప్పని పిల్లలు ఎక్కడా ఉండరు. రెండేళ్ల బిడ్డ ‘వద్దు’ అనడం ఎదుగుదలలో ఒక మెట్టు. కాని కొందరు పిల్లల్లో కోపం, వాదన, ధిక్కారం, కక్ష నెలల తరబడి ఇంటిని కమ్ముకొని ఉంటాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని 1980లోనే తన రుగ్మతల వర్గీకరణలో చేర్చింది. 2013 నాటి కూర్పు ప్రకారం, నిర్దేశించిన ఎనిమిది లక్షణాలలో కనీసం నాలుగు ఆరు నెలలపాటు కొనసాగితే, అదీ తోబుట్టువులతో మాత్రమే గాక ఇతరులతో కూడా కనిపిస్తే, దానిని ‘అపోజిషనల్ డిఫైయెంట్ డిజార్డర్’గా పరిగణిస్తారు. మొండిగా ఉన్న ప్రతి బిడ్డకూ ఈ పేరు తగిలించరాదు. దానిని నిర్ణయించవలసినది వైద్యుడే. అయితే ఒక్క మాట మనం గ్రహించాలి. ఆ మొండితనం వెనుక ఏకాగ్రత లోపమో, చదువులో తడబాటో, చెప్పుకోలేని భయమో దాగి ఉండవచ్చు. బిడ్డ తప్పు చేయడం లేదని దీని అర్థం కాదు. తోటి పిల్లలు సులువుగా ఎత్తే బరువు ఈ బిడ్డకు భారంగా ఉందని మాత్రమే అర్థం.

మరి వాక్యం మాటేమిటి? ఆ పెద్దాయన మనసులో ఉన్నది సామెతలు 13:24. అక్కడ మన తెలుగు బైబిలులో ‘బెత్తము’ అని ఉన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న పదం ‘షేబెత్’. సరిగ్గా అదే పదం ఇరవై మూడవ కీర్తనలోనూ ఉంది. అక్కడ దానిని ‘దుడ్డుకర్ర’ అని అనువదించారు. అది గొర్రెల కాపరి చేతికర్ర. కాపరి ఆ కర్ర కింద నుండే గొర్రెలను లెక్కపెట్టుకొనేవాడని లేవీయకాండము 27:32 వలన తెలుస్తుంది. ఆ కర్రను చూసి దావీదు జడియలేదు, ఆదరణ పొందాడు. మన చేతిలోని కర్రను చూసి మన బిడ్డకు కలుగుతున్నది ఆదరణేనా?

సామెతల గ్రంథం కర్రతో కొట్టడాన్ని గురించి కూడా మాట్లాడుతుందన్న సంగతిని దాచవలసిన పని లేదు. కాని అదే గ్రంథం మూర్ఖుల వీపుకు కూడా అదే కర్రను విధించింది (26:3). నేడు బుద్ధిహీనుడైన పెద్దవాణ్ని పట్టుకొని ఏ సంఘమూ కొట్టడం లేదు. అక్కడ ఆనాటి పనిముట్టును విడిచి, అందులోని వివేకాన్ని తీసుకుంటున్నాం. పెద్దల విషయంలో చూపే ఈ విచక్షణ, తిరిగి కొట్టలేని పసివాని విషయంలో ఎందుకు లోపించాలి? బిడ్డను దిద్దకుండా వదిలివేయడం ప్రేమ కాదన్నది ఆ సామెతలోని సారం. అది నేటికీ సత్యమే. దిద్దడానికి కొట్టడమొక్కటే మార్గమన్నది మాత్రం మనం చేర్చుకొన్న మాట.

అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం నాలుగో వచనంలో తండ్రులను పేరుపెట్టి హెచ్చరించాడు. ఆనాటి రోమా చట్టం బిడ్డల ప్రాణాల మీద కూడా తండ్రికి అధికారమిచ్చింది. అటువంటి లోకంలో పౌలు బిడ్డలను రెచ్చగొట్టి కోపగింపజేయవద్దని ముందుగా తండ్రినే కట్టడి చేశాడు. ఆ తరువాతనే ప్రభువు ‘శిక్ష’లో పెంచమన్నాడు. ఈ మాట వినగానే మనకు దెబ్బలు గుర్తుకు వస్తాయి. కాని సంస్కృతం నుండి మనకు వచ్చిన ‘శిక్ష’కు నేర్పు, అభ్యాసం అన్నదే తొలి అర్థం. శిక్షణ, శిక్షకుడు అన్న మాటలు అందులో నుండి పుట్టినవే. మూలంలో పౌలు వాడిన గ్రీకు మాట ‘పైదేయా’ కూడా బిడ్డను తీర్చిదిద్దే క్రమాన్ని తెలిపేదే. కొలొస్సయులకు రాస్తూ ఆయన కారణం కూడా చెప్పాడు: పిల్లల మనసు కుంగిపోకూడదు (3:21). ధిక్కరించే బిడ్డను చూసినప్పుడు వాడి పొగరే మనకు కనిపిస్తుంది. అనుదినం తిట్లు తిన్న ఆ మనసు లోలోపల ఎంత కుంగిపోయిందో కనిపించదు.

దేవుడే మొండివారితో ఎలా వ్యవహరించాడో చూడండి. యోనా చెప్పిన మాట వినలేదు, పారిపోయాడు. చివరకు పని చేసినా అలిగి ఊరి బయట కూర్చున్నాడు. అప్పుడు దేవుడు పిడుగు వేయలేదు. నీ కోపం న్యాయమేనా అని అడిగాడు. ఎండకు నీడనిచ్చే చెట్టును మొలిపించాడు, అది వాడిపోయాక మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఇక చావే మేలనుకొని పడుకొన్న ఏలీయాకు దేవదూత ముందుగా రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు. ప్రశ్నలు ఆ తర్వాతే వచ్చాయి. ఆకలి, అలసట, అవమానం నిండిన మనసుకు ఉపదేశం ఎక్కదని సృష్టికర్తకు తెలుసు. మనకు తెలియవద్దా?

అలాగని సాత్వికం అంటే లొంగిపోవడం కాదు. యాజకుడైన ఏలీ తన కుమారుల దుష్క్రియలు ఎరిగి, మాటలతో మందలించి ఊరుకున్నాడు గాని వారిని ఆపలేదు. దేవుడు ఆయనలో తప్పు పట్టింది దానినే (1 సమూయేలు 3:13). ఈ చిక్కును మనస్తత్వ శాస్త్రవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ 1982లో వెలువడిన తన గ్రంథంలో విశదీకరించాడు. తల్లి ఒక పని చెబుతుంది, బిడ్డ అరుస్తాడు, విసిగిన తల్లి ఆ పని వదిలేస్తుంది. అరిస్తే పని జరుగుతుందని బిడ్డ నేర్చుకుంటాడు. మరొక రోజు తల్లి అంతకంటే గట్టిగా అరుస్తుంది, బిడ్డ లొంగుతాడు. అరిస్తేనే పని జరుగుతుందని తల్లి నేర్చుకుంటుంది. ఇలా ఒకరికొకరు కోపాన్ని నేర్పుకొంటూ పోతారు. ఈ వలయాన్ని తెంచవలసినది ఎవరు? వయసులోనూ వివేకంలోనూ పెద్దవారైన మనమే.

తెంచే విధానం కష్టమైనదే గాని తెలియనిది కాదు. ఇంట్లో నియమాలు కొద్దిగా ఉండాలి, ఉన్నవి గట్టిగా నిలవాలి. వంటింట్లో నుండి కేక వేయకుండా దగ్గరకు వెళ్లి, తగ్గు స్వరంతో ఒక్కసారి ఒక్క పనే చెప్పాలి. మందిరానికి వెళ్లడం ఇంటి నియమం. నీలి చొక్కానా, తెల్ల చొక్కానా అన్నది బిడ్డ ఇష్టం. కోపం ఉప్పెనలా వచ్చినప్పుడు ప్రసంగాలు పనికిరావు. అది తగ్గాక పక్కన కూర్చొని మాట్లాడాలి. తప్పుకు తగిన ఫలితం చిన్నదిగా, వెంటనే ఉండాలి, ఆ రోజుతోనే ముగియాలి. చెప్పిన మాట విన్న ప్రతిసారీ ఆ సంగతి గుర్తించి మెచ్చుకోవాలి. ‘అలా చేస్తే దేవుడు కళ్లు పోగొడతాడు’ అని ఎన్నడూ అనకూడదు. దేవుణ్ని ఇంటి పోలీసుగా చూపిస్తే ఆ బిడ్డ పెద్దయ్యాక ఆయన ఒడికి ఎలా చేరుతాడు? చేయి చేసుకొన్న రోజున బిడ్డను క్షమాపణ అడగడానికి సిగ్గుపడవద్దు. పశ్చాత్తాపమంటే ఏమిటో వాడికి అంతకంటే బాగా నేర్పే పాఠం లేదు.

‘మా నాన్న కొట్టబట్టే నేను ఇంతవాణ్నయ్యాను’ అనే వారున్నారు. ఆ తండ్రుల ప్రేమను శంకించనక్కరలేదు. కాని మిమ్మల్ని నిలబెట్టింది ఆ దెబ్బలా, లేక మీ కోసం ఆయన పడిన కష్టమా? నెమ్మదిగా ఆలోచించండి. దెబ్బలకు భయపడి మారే బిడ్డ, దెబ్బ కొట్టలేని వయసు రాగానే మారడం మానేస్తాడు. బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ నిషేధించింది. చట్టం బడికి నేర్పిన మర్యాదను సువార్త మన ఇళ్లకు నేర్పలేదా?

వైద్యుని సలహా అడగడం అవిశ్వాసమని భావించవద్దు. సువార్త రాసిన లూకాను పౌలు వైద్యుడనే పరిచయం చేశాడు. ఈ సమస్యకు ముందుగా సూచించే చికిత్స తల్లిదండ్రులకు తగిన శిక్షణ ఇవ్వడమే. కాబట్టి ప్రార్థించండి, వైద్యుణ్ని కూడా కలవండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంఘానికి కూడా ఒక మనవి. చిన్నపిల్లలను తన యొద్దకు తీసుకొని వచ్చిన సందర్భంలో యేసుప్రభువు కోపగించుకొన్నట్టు మార్కు సువార్త పదో అధ్యాయం చెబుతోంది. ఆయన కోపం అల్లరి చేసే పిల్లల మీద కాదు, వారిని అడ్డగించిన శిష్యుల మీద. చివరి వరుసలో తలవంచుకొని కూర్చొన్న ఆ తల్లికి హితబోధ అక్కరలేదు. ‘అమ్మా, కాసేపు బాబును నేను చూసుకుంటాను, నువ్వు ప్రశాంతంగా ఆరాధించుకో’ అనే ఒక్క మనిషి కావాలి. పెంపకం సరిగా లేదని చాటున అనుకొనే మాట ఆమె చెవిన పడకుండా ఉండదు. అలాంటి మాటలకే ఒక కుటుంబం మందిరానికి దూరమైతే, ప్రభువు కోపం ఎవరి మీద ఉంటుంది?

మత్తయి సువార్త ఇరవై ఒకటో అధ్యాయంలో యేసుప్రభువు ఒక తండ్రి కథ చెప్పాడు. ద్రాక్షతోటకు వెళ్లి పని చేయమంటే మొదటివాడు ముఖం మీదే ‘పోను’ అన్నాడు. రెండోవాడు వినయంగా సరేనన్నాడు గాని వెళ్లలేదు. ‘పోను’ అన్న కొడుకును ఆ తండ్రి కొట్టినట్టు గాని, శపించినట్టు గాని కథలో లేదు. తోటలో పని ఉందని చెప్పాడు, ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. పిమ్మట ఆ కొడుకే మనసు మార్చుకొని వెళ్లాడు. తండ్రి ఇష్టాన్ని నెరవేర్చినవాడు ఎవరని ప్రభువు అడిగినప్పుడు, విన్నవారంతా ఆ ‘పోను’ అన్నవాణ్నే చూపించవలసి వచ్చింది.

ఆ ‘పోను’కూ ఆ ‘పిమ్మట’కూ నడుమ ఎంత కాలం గడిచిందో సువార్త చెప్పలేదు. ఒక పూట కావచ్చు, మీ ఇంట్లో అది కొన్నేళ్లు కావచ్చు. ఆ కాలాన్ని ఓర్పుతో మోయడమే తల్లిదండ్రులకు దేవుడు అప్పగించిన పరిచర్య. ఆయనకు మనం ఎన్నిసార్లు ‘పోను’ అన్నామో, ఆయన ఎన్నాళ్లు కనిపెట్టుకొని ఉన్నాడో తలచుకొంటే మన చేయి దానంతట అదే దిగుతుంది. వచ్చే ఆదివారం బిడ్డ మళ్లీ మంచం కింద దూరితే బైబిలును కాసేపు పక్కన పెట్టి, మీరూ నేల మీద కూర్చోండి. ఆరాధనకు పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు. బిడ్డ చేయి పట్టుకొని రండి.