బ్రయన్ బోరు ఎవరిని తరిమాడు?

మొన్న ఆదివారం భోజనాల వేళ మా చిన్నమ్మాయి ఉన్నట్టుండి తినడం ఆపి, "అమ్మా, మనం కూడా పైదేశం వాళ్ళమే కదా! బ్రయన్ బోరు ఇప్పుడుంటే మనల్ని కూడా సముద్రంలోకి తరిమేసేవాడా?" అని అడిగింది. వాళ్ళన్నయ్య పకపకా నవ్వాడు. అది నవ్వలేదు.

బళ్ళో ఆ వారం బ్రయన్ బోరు పాఠం జరిగిందట. ఆటల వేళ ఒక కుర్రాడు "నేను బ్రయన్, నువ్వు వైకింగ్" అంటూ దాని వెంటపడ్డాడట. పిల్లల ఆట, అందులో ద్వేషమేమీ లేదు. అయినా అంతమంది పిల్లల్లో వైకింగ్ ఎవరు కావాలో ఆ కుర్రాడు క్షణంలో తేల్చేసుకోవడం మాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. పిల్లలున్న మన కుటుంబాలన్నిటికీ ఈ ప్రశ్న ఇవాళ కాకపోతే రేపు ఎదురయ్యేదే కనుక, ఈ నెల మన శీర్షిక దానికే కేటాయిస్తున్నాము.

బళ్ళో చెప్పే కథ మీకూ తెలిసే ఉంటుంది. 1014 ఏప్రిల్ 23, గుడ్ ఫ్రైడే నాడు, డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్‌లో, డెబ్భై ఏళ్ళు దాటిన ఐర్లండ్ మహారాజు బ్రయన్ బోరు సేనలు వైకింగులను సముద్రంలోకి తరిమికొట్టాయి. గుడారంలో ప్రార్థన చేసుకుంటున్న ముసలి రాజును పారిపోతున్న శత్రువు ఒకడు చంపాడు. దేశం దక్కింది, రాజు పోయాడు.

కథ బాగుంది. అయితే గ్రంథాలయం నుంచి రెండు మూడు పుస్తకాలు తెచ్చి చదివాక తెలిసిందేమిటంటే, ఇది మన పల్నాటి యుద్ధం లాంటిది, దాయాదుల పోరు! బ్రయన్ మీద తిరగబడిన వారిలో ముఖ్యుడు లెన్‌స్టర్ రాజు మాయిల్ మోర్దా. అతను అచ్చమైన ఐరిష్‌వాడు, పైగా బ్రయన్‌కు బావమరిది. అతని చెల్లెలు గార్మ్‌లా కొంతకాలం బ్రయన్ భార్య. ఆమెకు మొదటి భర్త వల్ల పుట్టిన కొడుకే డబ్లిన్ వైకింగుల రాజు సిట్రిక్. ఆ సిట్రిక్‌కు బ్రయన్ తన కూతురినిచ్చి పెళ్ళి చేశాడు. మన నాగమ్మ మీద వేసినట్టే ఇక్కడా తగవంతా గార్మ్‌లా నెత్తిన వేశారు కథకులు. ఆర్క్‌నీ నుంచీ మాన్ ద్వీపం నుంచీ ఓడల్లో సేనలు వచ్చిన మాట నిజమే. కాని వాళ్ళు వచ్చింది ఈ ఇంటి తగవులో ఒక పక్షానికి సాయంగా.

మరి బ్రయన్ డబ్లిన్ వైకింగులను తరిమేశాడా? 1000లో సిట్రిక్ వచ్చి లొంగిపోయినప్పుడు బ్రయన్ అతన్ని తిరిగి అదే గద్దె మీద కూర్చోబెట్టాడు. తన దండయాత్రలకు వాళ్ళ ఓడలనూ మనుషులనూ వాడుకున్నాడు. క్లాంటార్ఫ్ తర్వాత కూడా సిట్రిక్ ఎక్కడికీ పోలేదు, 1036 దాకా డబ్లిన్‌ను ఏలాడు. మనమంతా ఎప్పుడో ఒకప్పుడు చుట్టాలకు చూపించిన క్రైస్ట్‌చర్చ్ కెథీడ్రల్‌కు సుమారు 1030లో పునాది వేసింది ఆయనే. డబ్లిన్, వాటర్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్, లిమరిక్ - ఇవన్నీ ఆ పైదేశం వాళ్ళు కట్టుకున్న ఊళ్ళే. వాళ్ళ మనుమలూ మునిమనుమలూ ఐరిష్‌వాళ్ళే అయిపోయారు.

అయితే తరిమిన కథ ఎక్కడిదని మీరడగవచ్చు. యుద్ధం జరిగిన సుమారు నూరేళ్ళకు, బ్రయన్ మునిమనుమడు రాజ్యం చేస్తున్న రోజుల్లో, ఆ వంశం గొప్ప చాటడానికి రాసిన గ్రంథం నుంచి చాలా మట్టుకు వచ్చింది. మన జేబుల్లోని యూరో నాణెం మీది వీణ సంగతీ అంతే. దానికి నమూనా ట్రినిటీ కాలేజీలో ఉన్న "బ్రయన్ బోరు వీణ". తీరా చూస్తే అది ఆయన పోయిన మూడు నాలుగు వందల ఏళ్ళకు తయారైనది! పెద్ద రాజు పేరు చెట్టు లాంటిది, ఎవరి గూడు వాళ్ళు కట్టుకుంటారు.

ఇది ఒక్క ఐర్లండ్ మాటే కాదు. పోర్చుగల్ మొదటి రాజు అఫొన్సొ హెన్రీకెష్ 1147లో లిస్బన్ పట్టణాన్ని గెలిచింది ఇంగ్లండు, ఫ్లాండర్స్, జర్మనీల నుంచి ఓడలెక్కి వచ్చిన వాళ్ళ సాయంతోనే. గెలిచాక ఆ ఊరికి బిషప్‌గా కూర్చోబెట్టింది కూడా గిల్బర్ట్ అనే ఇంగ్లీషువాణ్ణి. రాజ్యం నిలబెట్టిన రాజుల వెనక పైవాళ్ళు లేని చోటు వెతకడం కష్టం.

మన సంగతి? కాకతి గణపతిదేవుడు తెలుగునేలను చాలా వరకు ఒక్క గొడుగు కిందికి తెచ్చిన రాజు. ఆయన 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం నేటికీ ఉంది. తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరదేశి ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారట. మేమలా చేయము, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాము అని రాతి మీద రాయించి మాట ఇచ్చాడు. ఓరుగల్లు ఇవాళ తెలంగాణలో ఉంది, మోటుపల్లి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2014లో గీసిన గీత ఆ మాటను రెండుగా చేయలేదు. ఆ రాజు వదిలి వెళ్ళిన ఆస్తుల్లో దీనికన్నా గొప్పది మాకు కనిపించలేదు.

ఇవన్నీ ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పలేము కదా. "తరిమేవాడు కాదమ్మా, వైకింగు రాజునే అల్లుణ్ణి చేసుకున్నాడు. ఆ అల్లుడు ఇక్కడే ఉండిపోయి గుడి కట్టాడు. నీకు చూపిస్తాం పద" అన్నాము. శనివారం క్రైస్ట్‌చర్చ్‌కు తీసుకెళ్ళాము. అది ఆ రాతి గోడను చేత్తో తడిమి, "అయితే సోమవారం కూడా నేను వైకింగే అవుతా. కాని నన్నెవరూ తరమకూడదు, నేను ఊరు కడతా" అంది. సోమవారం ఆట ఎలా జరిగిందో మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

పాఠకులకు ఒక మనవి. మీ పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే "ఊరుకో, అన్నం తిను" అనకండి. బళ్ళో చెప్పింది అబద్ధమనీ అనకండి, అది వాళ్ళ స్నేహితుల కథ కూడా. మిగతా సగం మీరు చెప్పండి. వచ్చే నెల ఎండ కాస్తే క్లాంటార్ఫ్ ఒడ్డున పిల్లలతో కలుద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. పులిహోర మాది, తక్కినవి మీ ఇష్టం. గాలి మాత్రం ఎవరూ తేనక్కరలేదు, అక్కడ కావలసినంత ఉంది!