గెలిచినవారి ఖర్చు ఎవరు కట్టాలి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల గౌరవ ప్రధాన న్యాయమూర్తులకు,

జిల్లా కోర్టుల్లో సివిల్ దావాలు నడిపే న్యాయవాది రాయునది.

ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన ఊళ్లలో అంటారు. డిక్రీ కాపీ చివరనుండే ఖర్చుల పట్టిక చూస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. దావా మీద కోర్టు ఫీజు, వకాలతు స్టాంపు, ప్రాసెస్ ఫీజు, నిబంధనల మేరకు ప్లీడరు ఫీజు. దాదాపు అంతే. వాయిదా వాయిదాకూ పోయిన కూలి, బస్సు చార్జీలు, జిరాక్సులు, సాక్షులను వెంటబెట్టుకొచ్చి అన్నం పెట్టించిన డబ్బు అందులో కనిపించవు. చాలాసార్లు ఆ పట్టికలో ఉన్నదీ దక్కదు. "ఎవరి ఖర్చులు వారే భరించాలి" అన్న ఒక్క వాక్యంతో తీర్పు ముగుస్తుంది.

లోపం చట్టంలో లేదు. గెలిచినవారికి ఖర్చులు ఇప్పించకపోతే జడ్జి కారణం రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ చెబుతోంది. అలా కారణం రాసిన తీర్పులు నేను చూసినవి చాలా తక్కువ. వాయిదాల సంగతీ ఇంతే. జాప్యం చేసినవారిపై 35బి కింద ఖర్చు వేస్తే, మరుసటి వాయిదాకు అది కట్టకుండా వారు కేసు నడపడానికి వీల్లేదు. ఆచరణలో వందో రెండొందలో వేసి ఊరుకుంటున్నారు. పని మానుకొచ్చిన సాక్షి సాయంత్రం దాకా వరండాలో కూర్చుని వెళ్లిపోతాడు. దావా సాగదీయాలనుకునేవారికి ఆ వందో రెండొందలో లెక్కలోకి రాని ఖర్చు. మా వృత్తిలోనివారు వాయిదా అడగడానికి జంకకపోవడానికీ ఇదే కారణం.

తప్పుడు దావాకు 35ఎ కింద ఇప్పించగల పరిహారం 3,000 రూపాయలు మించకూడదు. అది 1976 సవరణ నాటి అంకె. జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 2012లోనే దావా ఖర్చులపై 240వ నివేదిక ఇచ్చింది. అయినా ఆ పరిమితి మారలేదు; దాన్ని మార్చడం చట్టసభల పని.

మిగతాది మీ చేతిలో ఉంది. సేలం న్యాయవాదుల సంఘం కేసులో 2005లో సుప్రీంకోర్టు, ఖర్చులంటే నిజంగా అయిన సమంజసమైన ఖర్చులేననీ, గెలిచినవారి కాలం, ప్రయాణం, బస కూడా అందులోకి వస్తాయనీ చెప్పింది. అవసరమైన చోట నిబంధనలు చేసే పని హైకోర్టులకే అప్పగించింది.

పేదవాడు ఓడితే చితికిపోతాడన్న భయం నిజమైనదే. అన్నదమ్ముల భాగపరిష్కార దావాల్లో ఎవరి ఖర్చులు వారికి వదిలేయడమే మేలు కావచ్చు. ఆ విచక్షణ జడ్జికి ఉండాల్సిందే. కారణం మాత్రం రాయాలి.

కింది కోర్టులకు ఒక సర్క్యులర్ పంపండి. కారణం రాయకుండా ఖర్చులు కాదనవద్దని చెప్పండి. సాక్షి వచ్చిన రోజున వాయిదా ఇవ్వాల్సి వస్తే, అతని కూలీ దారిఖర్చూ వాయిదా అడిగినవారి చేత ఆ పూటే ఇప్పించమని చెప్పండి.